మా ఫ్రిజ్‌లో ఏం దొరికింది?

"దాచుకోవటానికి ఏమీ లేనప్పుడు భయమెందుకండీ? తలుపు తీసి చూపించేస్తే సరిపోయేదానికి!"

ఈ మాట నాతో కనీసం పదిమంది తెలుగువాళ్ళు అని ఉంటారు. అన్నవాళ్ళంతా మంచివాళ్ళే. పాట్‌లక్ భోజనాల దగ్గర పక్కన కూర్చుని, నా మేలు కోరే అన్నారు. కానీ వాళ్ళలో ఎవరింటికీ పిల్లల రక్షణ శాఖవాళ్ళు రాలేదు. మా ఇంటికి వచ్చారు. కాబట్టి జవాబు చెప్పవలసింది నేనే. ఇన్నేళ్ళూ చెప్పకుండా తప్పించుకు తిరిగాను. ఎందుకు తప్పించుకున్నానో కూడా ఇందులోనే చెప్తాను. అది గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు.

2007 అక్టోబరు. మా వాడికి అప్పుడే మూడేళ్ళు నిండాయి. మా అత్తగారు తెనాలి నుంచి ఆరునెలలు ఉందామని వచ్చి రెండు నెలలయింది. ఒక గురువారం సాయంత్రం ఏడున్నరకి ఆవిడ వంటింట్లో పెసరట్లు పోస్తుంటే తలుపు చప్పుడయింది. తీస్తే మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకావిడ, ఆవిడ వెనకాల ఒక పోలీసు.

"మీ అబ్బాయి గురించి ఫిర్యాదు వచ్చింది. లోపలికి రావచ్చా?"

మర్యాదగానే అడిగింది. పోలీసుని వెనక పెట్టుకుని అడిగిన ప్రశ్నకి 'వద్దు' అనే జవాబు కూడా ఉంటుందని నాకు తెలియదు. అప్పుడు నాకు తెలిసినవల్లా హెచ్-1 వీసా, నలుగుతున్న గ్రీన్‌కార్డు. "రండి, కూర్చోండి" అన్నాను. లోపల్నించి మా అత్తగారు "కాఫీ కలపమంటారా బాబూ?" అని కేకేశారు.

ఫిర్యాదు ఏమిటంటే, పిల్లవాడి నడుం కింద నీలంగా కమిలిన దెబ్బ ఉంది. నడుం చుట్టూ తాడుతో కట్టేసిన గుర్తు ఉంది. ఎవరు చెప్పారో చెప్పరు. ఆ తాడు మొలతాడని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నీలం మచ్చ పుట్టుకతో వచ్చింది. మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. నాలుగైదేళ్ళకి దానంతటదే మాసిపోతుంది. డాక్టర్లు చాలాకాలం దాన్ని మంగోలియన్ స్పాట్ అనేవారు. ఇవన్నీ నేను ఆవిడకి చెప్పబోయాను. "చూస్తానండీ, ముందు ఇల్లు చూడనివ్వండి" అంది.

ఇల్లు చూసింది. ఫ్రిజ్ తెరిచింది. పాలు, పెరుగు గిన్నె, అట్లపిండి, చింతకాయ పచ్చడి, చిన్న గిన్నెల్లో మిగిలిన కూరలు. "వీటిలో పిల్లవాడు తినేది ఏది?" అని అడిగింది. అన్నీ అంటే రాసుకుంది. బాత్‌రూంలో మందుల అలమర తీసింది. పడకగదిలోకి వెళ్ళి "పిల్లవాడి మంచం ఏది?" అంది. మాతోనే పడుకుంటాడంటే అదీ రాసుకుంది. తరవాత మా వాడిని హాల్లో, ఆ పోలీసు చూస్తుండగా, చొక్కా పైకెత్తి నిక్కరు కిందికి లాగమంది. మా ఆవిడే లాగింది. ఆ రాత్రి తన చేతుల్ని తాను చూసుకుంటూ కూర్చుంది.

మా అత్తగారితో మాట్లాడటానికి ఫోన్‌లో దుబాసీని పిలిచారు. వచ్చినాయన హిందీ మాట్లాడాడు. ఆవిడకి రాదు, తెలుగు కావాలి అన్నాను. రెండూ ఇండియా భాషలే కదా అన్నట్టు చూసిందావిడ. సరే, ఇంక పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి "నిన్నెవరైనా భయపెడతారా?" అని ఇంగ్లీషులో అడిగింది. మా వాడు ఉత్సాహంగా, "అన్నం తినకపోతే చంపేస్తానంది అమ్మమ్మ" అని ఇంగ్లీషులో చెప్పాడు. తెలుగులో ఆ మాటకి అర్థమేమిటో మీకూ నాకూ తెలుసు. ఆవిడ కాగితం మీద అది హత్యా బెదిరింపు.

మర్నాడు మా పిల్లల డాక్టరు రెండు నిమిషాలు చూశారు. ఆ మచ్చ పుట్టిననాడే ఆసుపత్రి కాగితాల్లో రాసి ఉందన్నారు. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. తేలటానికి ఏడు వారాలు పట్టింది. 'ఆరోపణ రుజువు కాలేదు' అని ఒక ఉత్తరం వచ్చింది. ఈలోగా మా అత్తగారు టిక్కెట్టు ముందుకి జరిపించుకుని వెళ్ళిపోయారు. "నా నోటి మూలంగానే కదమ్మా" అని ఎయిర్‌పోర్టులో మా ఆవిడతో అన్నారట. ఆ తరవాత ఏడాదిపాటు డోర్‌బెల్ మోగితే మా వాడు చొక్కా పైకెత్తుకుని నిలబడేవాడు.

ఇక వాదనలోకి వస్తాను.

పిల్లల రక్షణ శాఖ ఉండకూడదని నేననటం లేదు. 1962లో హెన్రీ కెంప్ అనే డాక్టరూ ఆయన సహచరులూ దెబ్బలు తిన్న పిల్లల గురించి వైద్యపత్రికలో రాసేదాకా, విరిగిన ఎముకలతో వచ్చిన పిల్లలని 'మంచం మీంచి పడ్డాడు' అనే మాట నమ్మి ఇంటికి పంపేసేవారు. ఆ తరవాత అయిదారేళ్ళలోనే రాష్ట్రాలన్నీ ఫిర్యాదు చట్టాలు చేశాయి. 1974లో ఫెడరల్ చట్టం వచ్చింది. వాటి వల్ల బతికి బట్టకట్టిన పిల్లలున్నారు. నా గొడవ శాఖతో కాదు, అది నమ్ముకున్న పద్ధతితో. ఫోన్ రాగానే ఇంటికి వెళ్ళటం, ఇల్లంతా చూడటం, చూసినదాన్నిబట్టి పిల్లవాడి సంగతి తేల్చటం, ఇదీ ఆ పద్ధతి. ఇల్లు చూస్తే ఇల్లే కనిపిస్తుంది.

లెక్కలు చూడండి. 2022లో దేశం మొత్తం మీద ఈ శాఖలకి 42 లక్షల పైచిలుకు ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో సగం ఫోన్ దగ్గరే ఆగిపోయాయి. మిగతావాటిలో విచారణో మరో రకం పరిశీలనో ఎదుర్కొన్న పిల్లలు సుమారు 30 లక్షలు. హింసో నిర్లక్ష్యమో జరిగిందని తేలింది సుమారు 5 లక్షల 59 వేలమంది విషయంలో. అంటే ఆరుగురిలో అయిదుగురి ఇంట్లో ఏమీ రుజువు కాలేదు. తేలినవాటిలోనూ దాదాపు మూడు వంతులు 'నిర్లక్ష్యం' కిందికి వస్తాయి. నిర్లక్ష్యమంటే నిజంగా పిల్లల్ని గాలికి వదిలెయ్యటం కావచ్చు. అద్దె కట్టలేక కరెంటు పోయిన ఇల్లూ కావచ్చు. ఫ్రిజ్ తెరిచి చూసేవారికి ఈ రెండిటికీ తేడా తెలియదు. అదే ఏడాది హింసవల్లా నిర్లక్ష్యంవల్లా చనిపోయిన పిల్లలు దాదాపు రెండువేలమంది. ఇన్ని లక్షల తలుపులు తట్టినా, ఆ రెండువేలమంది దక్కలేదు.

ఇక్కడ మనవాళ్ళకి చెప్పవలసిన మాట ఒకటుంది. ఇదంతా మన సంస్కృతి మీద తెల్లవాళ్ళు చేస్తున్న దాడి అన్నట్టు మాట్లాడుకుంటాం. 2017లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం ఈ దేశంలో పుట్టిన పిల్లల్లో పద్ధెనిమిదేళ్ళు నిండేలోగా నూటికి 37 మంది ఇళ్ళలో ఇలాంటి విచారణ జరుగుతుంది. నల్లవారి పిల్లల్లో నూటికి 53. ఆసియావాళ్ళ పిల్లల్లో నూటికి పదిమంది. మాకు జరిగింది ఒక సాయంత్రం. ఊరికి అవతలి వైపు పేటల్లో అది ప్రతి ఇంటికీ తెలిసిన తలుపు చప్పుడు. వాళ్ళకి జరిగినంతకాలం అటు చూడకుండా, మనకి జరగ్గానే సంస్కృతి గుర్తుకు రావటం నాకు సిగ్గుగా ఉంది.

'వారంటు, హక్కులు అంటూ కూర్చుంటే ఈలోగా పిల్లవాడు చచ్చిపోతే?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు విస్కాన్సిన్‌లో ఉంది. జాషువా డిషేనీ అనే పసివాణ్ణి తండ్రి కొడుతున్నాడని విన్నెబేగో కౌంటీకి తెలుసు. అధికారి నెలనెలా ఇంటికి వెళ్ళేది. తల మీద అనుమానించదగిన గాయాలు చూసి ఫైల్లో రాసుకుంది. రెండుసార్లు వెళ్ళినప్పుడు, వాడికి ఒంట్లో బాగాలేదు, చూడటానికి వీల్లేదన్నారు. తిరిగొచ్చేసింది. 1984 మార్చిలో నాలుగేళ్ళ జాషువాని తండ్రి కొట్టిన దెబ్బలకి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. తల్లి కేసు వేసింది. 1989లో సుప్రీంకోర్టు, కన్నతండ్రి చేతిలోంచి పిల్లవాణ్ణి కాపాడటం రాజ్యాంగం ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత కాదని తీర్పు చెప్పింది. అక్కడ వారంటు ఎవరికీ అడ్డం రాలేదు. ఇంటికి వెళ్ళటం తక్కువా కాలేదు. ఇల్లు చూడటమే పని అనుకున్నారు కాబట్టి, పిల్లవాణ్ణి చూడకుండా తిరిగొచ్చారు.

నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు వారంటు లేకుండా లోపలికి వెళ్ళవచ్చని చట్టం ఎప్పుడూ ఒప్పుకుంటుంది. అలాంటి అత్యవసరం లేనప్పటి మాటే నేను అడుగుతున్నది. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే, ప్రభుత్వం వారంటు లేకుండా ఇంట్లోకి రాకూడదన్నది అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ సారాంశం. అది దొంగకీ వర్తిస్తుంది. తల్లిదండ్రులకి వర్తించదా? 1994లో కాలిఫోర్నియాలో పేరు చెప్పని ఒక ఫిర్యాదు మీద అధికారిణి, పోలీసు ఒక ఇంట్లోకి వెళ్ళారు. తల్లి వద్దన్నా వెళ్ళారు. మూడేళ్ళ పిల్ల బట్టలు కిందికి లాగమన్నారు. ఏ గుర్తూ లేదు. కాలబ్రెట్టా కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 1999లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు, అత్యవసరం లేనప్పుడు సామాజిక అధికారులకీ నాలుగో సవరణ వర్తిస్తుందని చెప్పింది. మా వాడి నిక్కరు లాగించిన సాయంత్రానికి ఆ తీర్పు వచ్చి ఎనిమిదేళ్ళయింది. నాకు తెలియదు. వచ్చినావిడకి తెలుసో లేదో! ఆ తీర్పు పడమటి రాష్ట్రాలకే. దేశం మొత్తానికి సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చలేదు. స్కూల్లో ఒక పిల్లని వారంటు లేకుండా ప్రశ్నించిన కేసు 2011లో అక్కడిదాకా వెళ్ళింది గాని, ఆ పిల్ల పెద్దదై వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది కాబట్టి తేల్చాల్సిన పనిలేదన్నారు.

అందుకని జరుగుతున్నదేమిటంటే, వారంటు ఊసెత్తరు. "రావచ్చా?" అంటారు. మనం తల ఊపుతాం. ఆ తల ఊపటానికి అంగీకారమని పేరు. 2003 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఆరోపణ ఏమిటో మొదటిసారి కలిసినప్పుడే చెప్పాలి. కానీ 'మీరు కాదనవచ్చు' అని చెప్పాలని అందులో లేదు. టెక్సాస్ రాష్ట్రం 2023లో ఆ పని చేసింది. విచారణకి వచ్చినవాళ్ళు తల్లిదండ్రులకి వాళ్ళ హక్కులు చెప్పాలని చట్టం చేసింది. పేరు చెప్పని ఫిర్యాదులు తీసుకోవద్దని అదే ఏడాది ఇంకో చట్టం చేసింది. ఫిర్యాదు చేసినవారి పేరు రహస్యంగానే ఉంటుంది. కాని శాఖకి తెలియాలి. నేనుండే రాష్ట్రంలో ఈ రెండూ లేవు.

ఇప్పుడు నా సంగతి.

2011 సంక్రాంతి సంబరాలు మా ఊళ్ళో ఒక హైస్కూల్ ఆడిటోరియంలో జరిగాయి. భోజనాల దగ్గర పదేళ్ళ కుర్రాడొకడు చేతిలో పళ్ళెం జారి, తండ్రి పట్టు లాల్చీ మీద పులిహోర ఒలకబోశాడు. తండ్రి ఇంకా ఏమీ అనలేదు. ఆ అబ్బాయి రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. తండ్రి నవ్వి, "వీడికి నటన ఎక్కువండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు మాత్రం అది నటన కాదని తెలుసు. అలా కూలబడాలంటే అలవాటుండాలి.

ఆ తండ్రే అంతకు ముందోసారి మా బల్ల దగ్గర గర్వంగా చెప్పాడు, వాళ్ళింటికీ శాఖవాళ్ళు వచ్చారని. నాలుగు పడకగదుల ఇల్లు, పిల్లవాడికి విడిగా గది, మంచం, కంప్యూటరు, ఫ్రిజ్ నిండా జ్యూసులు. "అరగంటలో వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆవిడ, కౌంటర్‌టాప్ గ్రానైటేనా అని అడిగింది" అన్నాడు. మా ఇంట్లో పచ్చడి సీసాలు చూసి ఏడు వారాలు తిప్పిన పద్ధతి, వాళ్ళింట్లో గ్రానైటు చూసి అరగంటలో తృప్తిపడింది.

టెక్సాస్, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో అనుమానం వస్తే చెప్పటం ప్రతి మనిషికీ చట్టం పెట్టిన విధి. చట్టం సంగతి అలా ఉంచండి, మనిషన్నవాడు చెప్పాలి. ఆ రాత్రి నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. కాని నా కళ్ళకి కట్టింది ఆ అబ్బాయి కాదు, చొక్కా పైకెత్తి నిలబడ్డ మా వాడు. మళ్ళీ ఒక ఇంటి మీదికి వాళ్ళని నేను పంపాలా అనుకున్నాను. మనవాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారో అని కూడా అనుకున్నాను. అబద్ధం చెప్పటమెందుకు? ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్‌లో ఆ అబ్బాయి వాచిన చేత్తో స్కూలుకి వెళ్తే, టీచరు ఆసుపత్రికి పంపించింది. ఎక్స్‌రేలో ముంజేతి ఎముక విరిగి ఉంది. దానితోపాటు పక్కటెముకలో కొన్ని వారాల కిందట విరిగి మానుతున్న గుర్తు కనిపించింది. వారాలు లెక్కపెడితే అది సంక్రాంతికి ముందుది కాదు, తరవాతది. ఈ సంగతి వాళ్ళమ్మ, పిల్లవాడిని తీసుకుని వేరే రాష్ట్రంలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయే ముందు, మా ఆవిడకి చెప్పింది. చెప్తూ, "మీకెవరికీ అనుమానం రాలేదా వదినా?" అని అడిగిందట. మా ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది, చెప్పలేదు.

ఇదే నేను చెప్పదలుచుకున్న విషయం. అందరి తలుపులూ ఒకేలా తట్టి, బీరువాలూ ఫ్రిజ్‌లూ తెరిచి, పిల్లల బట్టలు విప్పించే తనిఖీ పిల్లల్ని కాపాడదు. చూసినవాళ్ళ నోళ్ళు మూయిస్తుంది. ఒకసారి ఆ తనిఖీ అనుభవించినవాడు పక్కింటి పిల్లవాడి కోసం కూడా ఫోన్ ఎత్తడు. నేను ఎత్తలేదు. నా పిరికితనానికి పద్ధతిని సాకుగా చూపిస్తున్నానని మీరనవచ్చు. అనండి. నా పిరికితనం నాదే. కాని నాలాంటి పిరికివాళ్ళే ఎక్కువుండే లోకంలో, పద్ధతి అనేది వాళ్ళు కూడా ఫోన్ చెయ్యగలిగేలా ఉండాలి కదా?

ఈ చిక్కు అమెరికాకే పరిమితం కాదు. 2011లో నార్వేలో ఒక భారతీయ కుటుంబం పిల్లలని తీసుకుపోయినప్పుడు, చేత్తో తినిపించటం, పక్కలో పడుకోబెట్టుకోవటం తప్పుపట్టారని తల్లిదండ్రులు చెప్పారు. దేశమంతా గోలెత్తింది. 2012 డిసెంబరులో అదే దేశంలో ఒక తెలుగు దంపతులకి, కొడుకుని హింసించారని కోర్టు జైలుశిక్ష వేసింది. మనవాళ్ళు రెండింటినీ ఒకే గాటన కట్టి, 'మన పెంపకం వాళ్ళకేం తెలుసు' అన్నారు. పక్కలో పడుకోబెట్టుకోవటం పెంపకం. కొట్టి హింసించటం పెంపకం కాదు. ఈ తేడా మనం చెప్పకపోతే ఏ అధికారి చెప్తాడు? మొలతాడు కోసం పోట్లాడే నోటితోనే, అట్లకాడ కాల్చి వాత పెట్టటం హింస అని కూడా అనాలి. లేకపోతే మొలతాడు గురించి మనం చెప్పేదీ ఎవరూ నమ్మరు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. తలుపు దగ్గరే ఆరోపణా, కాదనే హక్కూ రెండూ చెప్పండి. అత్యవసరం కాకపోతే, వద్దన్నవారి ఇంట్లోకి జడ్జి సంతకంతో రండి. పిల్లల ఒంటి మీద గుర్తులు చూడవలసింది డాక్టరు, హాల్లో నిలబడ్డ పోలీసు కాదు. ఇంటికి వచ్చే ముందు పిల్లవాడి డాక్టరుకి ఒక ఫోన్ చెయ్యండి. తెలుగువాళ్ళకి తెలుగు దుబాసీని పిలవండి. ఇల్లు చూడటం తగ్గించి, పిల్లవాడిని రోజూ చూసేవారిని అడగండి. ఆ అబ్బాయి చెయ్యి వాచిందని కనిపెట్టింది ఇల్లు చూసినావిడ కాదు, టీచరు.

దాచుకోవటానికేమీ లేనప్పుడు భయమెందుకు అన్నారు కదూ? మా ఫ్రిజ్‌లో దాచుకోవలసిందేమీ దొరకలేదు. ఆ ఇంట్లో దాచుకోవలసింది ఉంది, అది ఫ్రిజ్‌లో లేదు. ఈసారి అలాంటిది నా కళ్ళబడితే ఫోన్ చేస్తాను, నా పేరు చెప్పి మరీ చేస్తాను. నా ఫోన్ అందుకున్నవాళ్ళు ముందు ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళింటి కౌంటర్‌టాప్ దగ్గరికి కాదు. ఆ మాట నాకు చట్టం ఇవ్వాలి.